రిజిస్టరులో రెండు సిలువలు

"నీకు రాయడం వచ్చా, రాదా? ఒక్క ముక్కలో చెప్పు."

ఆబ్నర్ గడ్జిన్ ఈ మాట అడగడం ఇది మూడోసారి. ఆదివారం మధ్యాహ్నం. పందిమాంసం, ఉల్లిపాయ ముక్కలు పిండిలో చుట్టి గుడ్డ కట్టి ఉడకబెట్టిన పెద్ద ఉండ బల్ల మీద చల్లారిపోతోంది. దాని మీద ఇంకా ఎవరూ కత్తి పెట్టలేదు.

థిర్జా భర్త వైపు చూడలేదు. బల్ల మీద లేని మరకను ఏప్రన్ అంచుతో తుడుస్తూ నిలబడింది.

"వచ్చు," అంది చివరికి.

"చదవడం కాదు నేనడిగేది. నువ్వు బైబిలు చదువుతావని ఊరందరికీ తెలుసు. రాయడం సంగతి అడుగుతున్నా."

"నేనూ రాయడం సంగతే చెప్తున్నా. వచ్చు."

పొయ్యి పక్క కుర్చీలో కూర్చున్న ఆబ్నర్ తల్లి కెటూరా తలెత్తింది. ఆదివారం టోపీల గడ్డి అల్లకూడదు కాబట్టి ఆమె ఊరికే వేళ్లు కదుపుతోంది, నలభై ఏళ్ల అలవాటు. ఇప్పుడు ఆ వేళ్లు కూడా ఆగిపోయాయి.

"విన్నావా," అంది కొడుకుతో. "పన్నెండేళ్లు నా పక్కన కూర్చుని గడ్డి అల్లింది. ఆ వేళ్లలో ఇంత విద్య ఉందని ఒక్కనాడు పొక్కనిచ్చిందా?"

"నేను దాచలేదత్తా. ఎవరూ అడగలేదు."

"పెళ్లినాడు అడిగారు కదా," అన్నాడు ఆబ్నర్. "టిబ్బట్ కలం చేతికిచ్చి మరీ అడిగాడు."

థిర్జా ఏప్రన్ వదిలేసింది. కత్తి తీసుకుని ఉండను మూడు ముక్కలు కోసింది. పెద్ద ముక్క భర్త కంచంలో పెట్టింది. ఆబ్నర్ దాన్ని ముట్టుకోలేదు.

పొద్దున్న ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర గుమాస్తా టిబ్బట్ అతన్ని పట్టుకున్నాడు. టిబ్బట్ కడుపులో ఒక మాట పడితే పూటైనా నిలవదు. కొత్త బడికి పంతులమ్మ కావాలని పాదిరి వింగ్రేవ్ గారు ప్రకటించాక థిర్జా ఆ పని అడిగిందని ఆబ్నర్‌కు తెలుసు. నోటితో అడిగిందనుకున్నాడు. ఉత్తరం రాసిందట. అదీ, ముత్యాల్లాంటి దస్తూరీతో.

"పాదిరిగారికి అనుమానమొచ్చి పెళ్లిళ్ల రిజిస్టరు తీయించారు," అన్నాడు టిబ్బట్, నలుగురూ వినేలా. "అందులో నీ పేరు పక్కన సంతకానికి బదులు ఒక సిలువ గీత, నీ పెళ్లాం పేరు పక్కన ఇంకో సిలువ గీత. మరి ఉత్తరం ఎవరు రాసినట్టు ఆబ్నరూ? మీ ఇంట్లో రాత నేర్చిన గుర్రం గానీ ఉందా?"

నలుగురూ నవ్వారు. ఆబ్నర్‌ కూడా వాళ్లతోపాటు నవ్వాడు, ఎందుకు నవ్వాడో అతనికే తెలీదు. రేపు మూడింటికి మొగుడూ పెళ్లాం ఇద్దరూ చర్చి గదికి రావాలని పాదిరిగారి కబురు.

"ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు ఇప్పుడు.

"డాక్టరుగారింట్లో పనిచేసినప్పుడు. వాళ్ల పిల్లలు రాసి పారేసిన కాపీ పుస్తకాలుండేవి. వాటి అక్షరాల మీద కాలి ఆరిన పుల్లతో దిద్దేదాన్ని. తర్వాత వాళ్ల అమ్మాయి ఒక కలం ఇచ్చింది."

"ఆదివారం బడిలో కాదా?"

"ఆదివారం బడిలో రాయడం ఎక్కడ నేర్పుతారు? చదవడం భక్తి, రాయడం పని. ఆదివారం పని చెయ్యకూడదుగా."

"అయితే పెళ్లినాటికే వచ్చన్నమాట."

"వచ్చు."

"వచ్చి ఉండి కూడా సిలువ గీశావు."

థిర్జా కత్తి కింద పెట్టింది. "నువ్వు ముందు గీశావు కాబట్టి గీశాను," అంది. "పెళ్లికొడుకు ముందు, ఆ తర్వాతే పెళ్లికూతురు. నువ్వు కలం పట్టుకుని సిలువ గీసేశావు. మీ మేనమామలు నలుగురూ అక్కడే నిలబడి చూస్తున్నారు. నీ సిలువ కింద నేను తీరిగ్గా నా పేరంతా రాసి, చూడండయ్యా వీడికి రాదు నాకొచ్చు అని చాటుకోవాలా? మా అక్క చెయ్యలేదు ఆ పని. మా అమ్మ చెయ్యలేదు. మా ఊళ్లో మొగుడికి రాని రాత ఏ ఆడదీ పెళ్లినాడు రాయదు."

ఆబ్నర్ కంచం పక్కకు తోశాడు.

"నా కోసం గీశావా?"

"ఇంకెవరి కోసం?"

ఇలాంటి మాట వింటే మొగుడన్నవాడికి గుండె నిండాలి. ఆబ్నర్‌కు మాత్రం ఎవరో వెనకనుంచి వచ్చి టోపీ కొట్టేసినట్టయింది. సంతోషించాలో, సిగ్గుపడాలో, కోప్పడాలో ఎటూ పాలుపోలేదు. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి అతని దగ్గర కూడా ఉంది. అమ్మ ముందు అది చెప్పబుద్ధి కాలేదు.

"ఇప్పుడు మాత్రం ఎందుకు బయటపెట్టావ్?" అంది కెటూరా. "ఇన్నేళ్లు మూసిపెట్టిందానివి ఇంకో ఇరవయ్యేళ్లు మూసిపెట్టలేకపోయావా?"

"నాకు ఆ బడి కావాలత్తా." థిర్జా గొంతు పెంచకుండానే అంది. "పద్నాలుగు మంది పిల్లలు ఈ గదిలో పొద్దున్నించి చీకటి పడేదాకా గడ్డి నోట్లో పెట్టి తడుపుతూ జడలల్లుతారు. పెదాలు చిట్లి రక్తం కారుతుంటుంది. దీన్ని మనం బడి అంటాం. రోజుకో బైబిలు వాక్యం చెప్తానని తల్లులకు చెప్పి తీసుకుంటావు. నలభై ఏళ్లుగా అదే వాక్యం."

"మంచి వాక్యం కాబట్టి."

"అందులో కూడా ఒక మాట తప్పు."

కెటూరా ముఖం కందగడ్డయింది. "ఆ అల్లిక వల్లే వాళ్ల ఇళ్లలో రొట్టె కాలుతోంది. నీ అక్షరాలు కొరుక్కుతింటారా? నీ బడి తెరిచిన రోజున నా గది ఖాళీ అవుతుంది. ఈ ముసలిదాని చేతులు ఏం చెయ్యాలంటావు?"

థిర్జా రెండో ముక్క అత్త చేతికందించింది. ఆమె అత్తను ద్వేషించే మనిషి కాదు, అదే ఆమె కష్టం.

ఆబ్నర్ లేచాడు. గుర్రాలకు నీళ్లు పెట్టాలన్నాడు. నీళ్లు పెట్టి ఇంకా గంట కాలేదని ముగ్గురికీ తెలుసు.

* * *

రైతు దొర గుర్రాలశాలలో ఎనిమిది గుర్రాలకు ఆబ్నరే పెద్ద. అక్కడ అతని మాటకు ఎదురులేదు. ఏ గుర్రానికి ఏ కాలు నొప్పో వాసన చూసి చెప్పగలడని ఊళ్లో పేరు. ఆ మధ్యాహ్నం మాత్రం అతను దాణా గింజల పెట్టె ముందు నిలబడి దాని మూత వైపే చూస్తున్నాడు.

పెళ్లికి ముందు శీతాకాలం ఆ మూత మీదే తన పేరు రాయడం నేర్చుకున్నాడు. ఓడెల్ అని ఒక బండివాడు ఉండేవాడు, సంచుల మీద సుద్దతో పేర్లు వేసేవాడు. పేరులో ఐదు ఇంగ్లీషు అక్షరాలే కదా, నేర్పుతాను రారా అన్నాడు. మూడు నెలలు పట్టింది. పెళ్లినాడు రిజిస్టరులో తన పేరు తాను రాసి థిర్జాను ఆశ్చర్యపరచాలని ఆబ్నర్ ఆశ. ఓడెల్ ఆ తర్వాత రైలు కట్టల పనికి పోయాడు, మళ్లీ ఈ వైపు రాలేదు.

పెళ్లినాడు టిబ్బట్ కలం అందిస్తూ, "ఇద్దరూ సిలువలేగా?" అన్నాడు. ఆబ్నర్ పెళ్లికూతురి వైపు చూశాడు. ఆమె తల వంచుకుంది. అయ్యో, పిల్లకు రాదు, సిగ్గుపడుతోంది అనుకున్నాడు. నేను పేరు రాసి ఆమెతో సిలువ గీయించడమేమిటని, తనే ముందు సిలువ గీసేశాడు.

అంతే జరిగింది. అది ఆమె కోసం చేశాడు. ఆమె అతని కోసం చేసింది. ఇద్దరూ పన్నెండేళ్లు ఒకే కప్పు కింద, ఒకరిని చూసి ఒకరు జాలిపడుతూ కాపురం చేశారు.

తలుపు చప్పుడైంది. థిర్జా వచ్చింది. అతను తినకుండా వదిలేసిన ముక్క గుడ్డలో కట్టి తెచ్చింది.

"తిను," అంది.

"నాక్కూడా వచ్చు," అన్నాడు ఆబ్నర్.

"ఏంటి?"

"రాయడం. నా పేరు. పెళ్లినాటికి వచ్చు." మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఓడెల్ సంగతి చెప్పాడు, పెట్టె మూత చూపించాడు, ఆమె తల వంచుకోవడం చెప్పాడు. "నీకు రాదనుకున్నా. అందుకే గీశాను."

థిర్జా విన్నది. విన్నంతసేపూ గుడ్డ ముడి విప్పుతూనే ఉంది, ఆ ముడి ఎప్పుడో విడిపోయింది.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు చెప్పలేదో అందుకే."

ఒక గుర్రం కాలు మార్చుకుంది. థిర్జా కిటికీ గట్టు మీదున్న సుద్దముక్క తీసి అతని చేతిలో పెట్టింది.

"రాయి."

"ఇప్పుడా?"

"ఇక్కడెవరున్నారు? నేను, గుర్రాలు."

ఆబ్నర్ పెట్టె మీదికి వంగాడు. మొదటి అక్షరం వచ్చింది. రెండోదానికి పొట్టలు రెండని గుర్తుంది, అవి ఎటువైపు ఉండాలో గుర్తులేదు. ఇటు పెట్టాడు. చెరిపి అటు పెట్టాడు. మూడోది ఎంత తలుచుకున్నా కళ్ల ముందుకు రాలేదు. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా దాన్ని తలుచుకోలేదని అప్పుడు తెలిసింది.

"అప్పుడు వచ్చింది," అన్నాడు.

"పోనీలే," అంది థిర్జా.

ఆ గొంతు ఆబ్నర్‌కు బాగా తెలుసు. అల్లిక చెడగొట్టుకుని ఏడ్చే పసిపిల్లలతో ఆమె అనే పోనీలే అది. దానికన్నా ఆమె అబద్ధాలకోరువి అని తిట్టినా బాగుండేది.

"నువ్వు నమ్మట్లేదు."

"నమ్మాలనే ఉంది." ఆమె నిజంగానే అంది. "ఎంత నమ్మాలనుందో నీకు తెలీదు. కానీ పొద్దున్న టిబ్బట్ నవ్వాడు, మధ్యాహ్నం నువ్వు ఈ మాట చెప్తున్నావు. రేపు అయ్యగారి ముందు కూడా ఇదే చెప్తావా?"

"చెప్పొద్దా?"

"చెప్తే రాసి చూపించమంటారు. నువ్వు ఇట్లా నిలబడిపోతావు. అప్పుడు ఈ ఇంట్లో మొగుడూ పెళ్లాం ఇద్దరూ కట్టుకథలవాళ్లే అంటారు. లండన్ బడుల సంఘంవాళ్లు తర్ఫీదిచ్చిన ఒక పంతులమ్మ పేరు అప్పుడే అయ్యగారి దగ్గరుందట. రేపటి టపాలో ఆమెకు ఉత్తరం వెళ్లిపోతుంది."

"మరేం చెప్పమంటావు?"

"నాకూ తెలీదు ఆబ్నర్. ఇది నువ్వే చెప్పాలి అనడానికి కూడా నాకు నోరు రావట్లేదు."

ఆమె వెళ్లిపోయాక ఆబ్నర్ పెట్టె మూతను చొక్కా చేతితో తుడిచాడు. తుడుస్తుంటే ఇంకో పాడు ఆలోచన వచ్చింది. అసలు తనకు ఎప్పుడైనా వచ్చా? పెళ్లికి ముందు నిజంగా రాశాడా, లేక రాశానని ఇన్నేళ్లూ తనకు తాను చెప్పుకున్నాడా? ఓడెల్ ముఖం కూడా సరిగ్గా గుర్తు రావట్లేదు. ఆ బండివాడికి గడ్డం ఉండేదో లేదో ఎంత ఆలోచించినా తేలలేదు.

* * *

సోమవారం నాగళ్లు మధ్యాహ్నం రెండింటికి విప్పారు. పొద్దున్న ఆరు నుంచి ఆబ్నర్ దున్నిన చాళ్లు ఆ ఏడాదిలోకెల్లా వంకరవి. రైతు దొర గట్టు మీదనుంచి చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. అనకపోవడమే ఆబ్నర్‌కు ఇంకా గుచ్చుకుంది.

ఇంట్లో అడుగుపెట్టేసరికి అల్లిక బడి సాగుతోంది. పద్నాలుగు మంది పిల్లలు గోడ వెంట పీటల మీద కూర్చుని, చంకలో గడ్డి కట్ట పెట్టుకుని, నోట్లో నాలుగేసి పరకలతో వేళ్లు ఆడిస్తున్నారు. ఎవరి నోరూ ఖాళీ లేదు కాబట్టి గది నిశ్శబ్దంగా ఉంది. థిర్జా అప్పటికే మంచి గౌను వేసుకుని చర్చికి బయల్దేరి వెళ్లిపోయింది. కలిసి నడవడం ఇద్దరిలో ఎవరికీ ఇష్టం లేకపోయింది.

కెటూరా ఒక పిల్ల అల్లిన జడను పొయ్యి పైనున్న చెక్కపట్టీకి ఆనించి, దాని మీది గాట్ల ప్రకారం గజాలు కొలుస్తోంది. కొడుకును చూసి, కొలుస్తూనే మెల్లగా మాట్లాడింది.

"ఒక్క మాట చాలురా. నాకిష్టం లేదు అను. మొగుడు వద్దన్న ఆడదాన్ని పాదిరి పనిలో పెట్టుకోలేడు. నువ్వు ఏ తప్పూ ఒప్పుకోనక్కర్లేదు, ఎవరి ముందూ తల దించనక్కర్లేదు."

"ఆమెకు ఆ బడి కావాలి, అమ్మా."

"నాకు ఈ బడి కావాలి. అది ఎవరికైనా గుర్తుందా?" కెటూరా జడ చుట్ట చుట్టి బుట్టలో వేసింది. "అది పంతులమ్మ అయిన మర్నాటి నుంచి నిన్ను గుర్రాల ఆబ్నర్ అనరు. పంతులమ్మ మొగుడంటారు. ఆ చెవిటి స్మిత్ దగ్గర్నుంచి ప్రతివాడూ సంతకం పెట్టి చూపించమంటాడు."

ఆబ్నర్ తలుపు వెనక తగిలించిన ఆదివారం కోటు తీసుకున్నాడు. వేసుకోకుండా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, నా పెళ్లికి ముందు శీతాకాలం, నాకు గుర్రాలశాలకు అన్నం తెచ్చేదానివి. నేను దాణా పెట్టె మీద సుద్దతో రాయడం చూశావా ఎప్పుడైనా?"

కెటూరా ఆలోచించింది.

"ఏదో గీస్తుంటే చూశా," అంది. "గుర్రం బొమ్మనుకున్నా."

పీట మీది ఆడపిల్ల ఒకతి నోట్లో గడ్డితోనే కిసుక్కుమంది. కెటూరా ఆ పిల్ల వైపు ఉరిమి చూసింది. ఆబ్నర్ కోటు వేసుకుని బయటికొచ్చాడు. దారంతా గుర్రం బొమ్మ గురించే ఆలోచించాడు. తను ఎప్పుడూ బొమ్మలు వెయ్యలేదు. వేశాడా?

నాకిష్టం లేదు అనాలా, నాకు రాయడం రాదు అనాలా, నాకు అప్పుడు వచ్చు అనాలా. చర్చి మెట్లు ఎక్కేదాకా మూడింట్లో ఏది నోట్లోంచి వస్తుందో అతనికి తెలీదు.

* * *

చర్చి పక్కగది చల్లగా ఉంది. పాదిరి వింగ్రేవ్ గారు బల్ల వెనక, ఆయన పక్కన టిబ్బట్, ఇవతల థిర్జా. బల్ల మీద నాలుగున్నాయి: థిర్జా ఉత్తరం, తెరిచిన రిజిస్టరు, సిరా ఇంకా ఆరని ఒక కాగితం, బైబిలు. వింగ్రేవ్ గారు మంచివారే. కాకపోతే మంచితనాన్ని కూడా లెక్కల పాఠంలా వరసగా చెప్పే మనిషి.

"రా ఆబ్నర్. నీ భార్యకు ఇప్పుడే ఒక వాక్యం చెప్పి రాయించాను," అని కాగితం ఎత్తి చూపించారు. "ఉత్తరం ఈమే రాసిందని తేలిపోయింది. ఈ జిల్లాలో ఇంత చక్కని దస్తూరీ నేను చూడలేదు."

ఆబ్నర్ ఆ కాగితం వైపు చూశాడు. నల్లటి అక్షరాలు బారులు తీరి నిలబడ్డాయి. అవి తన పెళ్లాం చేతినుంచి వచ్చాయంటే నమ్మశక్యంగా లేదు. ఆ చెయ్యి రొట్టె పిండి పిసకడం తెలుసు, తన మెడ మీద పడుకోవడం తెలుసు. దీన్ని ఇన్నాళ్లూ కట్టేసి ఉంచింది తనేనా?

"దాంతో చిక్కు తీరలేదు, పెరిగింది," అన్నారు వింగ్రేవ్ గారు. "రాయడం వచ్చిన మనిషి పెళ్లినాడు దేవుడి ముందు రాదని సిలువ గీసింది. ఎందుకని అడిగితే జవాబు లేదు. పిల్లలకు నిజం చెప్పడం నేర్పాల్సిన మనిషి ఆమె. కారణం తెలియకుండా నేను ఆమె చేతిలో బడి ఎలా పెట్టను?"

థిర్జా నేల చూస్తోంది. ఆమె ఎందుకు చెప్పడంలేదో ఆబ్నర్‌కు తెలుసు. కారణం చెప్పాలంటే టిబ్బట్ ముందు మొగుడి పేరెత్తాలి. పన్నెండేళ్ల కిందట ఏది దాచిందో దాన్నే ఇప్పుడూ దాస్తోంది, బడి పోయినా సరే అని.

"నాలుగున్నరకు టపాబండి వస్తుందండీ," అన్నాడు టిబ్బట్.

"తెలుసు," అని, వింగ్రేవ్ గారు థిర్జాను అడిగారు. "చివరిసారి అడుగుతున్నాను. ఎందుకు గీశావమ్మా?"

థిర్జా తల అడ్డంగా ఊపింది.

"నా వల్లండి," అన్నాడు ఆబ్నర్.

ఆ గొంతు తనదేనా అని అతనికే అనుమానం వచ్చింది. గది చిన్నది కావడంతో అది గట్టిగా వినిపించింది.

"నాకు రాయడం రాదండి అయ్యగారూ. అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. నేను సిలువ గీస్తే, నా పరువు తియ్యడం ఇష్టంలేక తనూ గీసింది. అంతేనండి. తప్పేదైనా ఉంటే నాది."

టిబ్బట్ మీసం చాటున నవ్వు మొదలైంది. రేపటికల్లా ఈ మాట కమ్మరి కొలిమి దగ్గర, సారాకొట్టు దగ్గర ఎలా వినిపిస్తుందో ఆబ్నర్‌కు ముందే వినిపించింది. అయినా చిత్రంగా మనసు తేలికైంది. ఇప్పటిదాకా మూడు దార్లు ఉండి ఎటు పోవాలో తెలియలేదు. ఇప్పుడు ఒక్కటే ఉంది.

థిర్జా తలెత్తి అతని వైపు చూసింది. నిన్న గుర్రాలశాలలో చెప్పిన మాట ఒకటి, ఈరోజు ఇక్కడ చెప్పిన మాట ఇంకొకటి. ఏది నిజమని ఆమె కళ్లు అడుగుతున్నాయి. ఆబ్నర్ చూపు తిప్పుకున్నాడు.

"ఎప్పుడూ రాదా?" అన్నారు వింగ్రేవ్ గారు. "ఒక్క అక్షరం కూడా?"

"ఒక్కటీ రాదండి."

"బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పగలవా? నిన్ను అనుమానించి కాదు. రేపు ఎవరైనా ఈ నియామకాన్ని వేలెత్తి చూపితే, నేను ప్రమాణం తీసుకున్నానని చెప్పగలగాలి."

ఆబ్నర్‌కు ఇది ముందు తోచలేదు. మాట అనడం వేరు, గ్రంథం మీద చెయ్యి పెట్టడం వేరు. కానీ ఓడెల్‌కు గడ్డం ఉందో లేదో తెలియని మనిషికి తను అబద్ధమాడుతున్నాడో లేదో మాత్రం ఎలా తెలుస్తుంది? బహుశా అవి గుర్రం బొమ్మలేనేమో. అమ్మే చూసింది కదా. అతను చెయ్యి చాచి బైబిలు మీద పెట్టాడు. ఆ మాటే మళ్లీ చెప్పాడు.

వింగ్రేవ్ గారి ముఖం విప్పారింది. "అయితే అది మోసం కాదు. భర్త మీద గౌరవం. నేను తొందరపడ్డాను, థిర్జా." ఆయన సొరుగులోంచి నియామక పత్రం తీశారు. "ఆబ్నర్, నీకు అభ్యంతరం లేదని ఇక్కడ నీ గుర్తు పెట్టు. రిజిస్టరులో ఉన్నట్టే పెట్టు, రెండూ ఒక మనిషివేనని తెలియాలి."

టిబ్బట్ రిజిస్టరును ఆబ్నర్ వైపు తిప్పాడు. పద్దెనిమిది వందల ముప్పై నాలుగు, జూన్ తొమ్మిది. పెళ్లినాటి తర్వాత ఆ పేజీని ఆబ్నర్ చూడడం ఇదే. రెండు సిలువలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. థిర్జాది సన్నగా, తిన్నగా ఉంది. తనది లావుగా, అలుక్కుపోయి ఉంది.

అతను కలం సిరాలో ముంచి, ఎలా గీశాడో చూడ్డానికి వంగాడు.

తన సిలువ అడుగున ఇంకో గీత ఉంది. కాదు, రెండు. పైన కలుసుకుని కింద విడిపోయిన రెండు ఏటవాలు గీతలు, మధ్యలో చిన్న అడ్డం. సిరా పాతబడి గోధుమరంగుకు తిరిగింది కాబట్టి ఇప్పుడు తేలి కనిపిస్తున్నాయి. వాటి మీద ఎవరో గబగబా సిలువ లాగేశారు. అది అతని పేరులో మొదటి అక్షరం, A.

పెళ్లినాడు తను పేరు రాయడం మొదలుపెట్టాడు. మొదలుపెట్టి ఆగాడు. గుర్రం బొమ్మ కాదు, కల కాదు, తనకు తాను చెప్పుకున్న కథ కాదు. ఆబ్నర్‌కు గట్టిగా నవ్వాలనిపించింది, ఆ వెంటనే ఇంకొకటి గుర్తొచ్చింది. ఒక్క అక్షరం కూడా రాదని ఇప్పుడే బైబిలు మీద ప్రమాణం చేశాడు. ఆ అక్షరం ఆయన బల్ల మీదే ఉంది.

అతను ఎడమచేతి బొటనవేలు దాని మీద పెట్టేశాడు. కుడిచేత్తో నియామక పత్రం మీద సిలువ గీశాడు.

"బాగుంది," అన్నారు వింగ్రేవ్ గారు. "ఇక నువ్వు, థిర్జా. నీ భర్త ప్రమాణం చేసిందంతా నీకు తెలిసినంతవరకు నిజమని చెప్పి, ఇక్కడ నీ పేరు రాయి. పూర్తి పేరు. బడి నీదే."

థిర్జా కలం అందుకుంది. పత్రం రిజిస్టరు పక్కనే ఉంది, రాయాలంటే భర్త భుజం మీదుగా వంగాలి. వంగింది. కలం కాగితానికి వేలెడు దూరంలో ఆగిపోయింది. ఆమె పత్రాన్ని చూడడం లేదు. రిజిస్టరు మీద ఎందుకో అంత గట్టిగా నొక్కిపెట్టిన బొటనవేలిని, గోరు తెల్లబడిపోయిన ఆ వేలిని చూస్తోంది.

"రాయి థిర్జా," అన్నాడు ఆబ్నర్ తల తిప్పకుండా. "ఆలస్యమవుతోంది. రాసెయ్యి."

"టపాబండి వచ్చేస్తుందమ్మా," అన్నాడు టిబ్బట్.

ఏది నిజమో తెలియకుండా థిర్జా సంతకం పెట్టలేకపోయింది. కలాన్ని సిరాబుడ్డిలో పెట్టేసింది.

"వేలు తియ్యి, ఆబ్నర్," అంది.

అతను తియ్యలేదు. ఆమె వంగి ఆ వేలు పట్టుకుంది.